పేషెంటు కుర్చీలో పీరాసాబ్

పీరాసాబ్ చెత్తబుట్ట వంచగానే చీమిడి ఎండిన టిష్యూ ఉండలు సంచిలోకి జారాయి. కుర్చీ అడుగున ఎవరో అంటించిన బబుల్‌గమ్‌ను గోటితో గీకాడు. అది వేలికి సాగింది. కొళాయి దగ్గరికి పోయి ఫినాయిలుతో చేతులు తోముకున్నాడు. మణికట్టు దాకా చర్మం పొరలు లేచి, వేళ్ళ సందుల్లో నెత్తురు చెమ్మ కనబడుతోంది. అయినా కంపు పోలేదు.

యూనివర్సిటీలో సైకాలజీ విద్యార్థులు పని నేర్చుకునే క్లినిక్ అది. అతను అటెండరు. పేషెంటు రాని రోజున అతన్నే పేషెంటు కుర్చీలో కూర్చోబెట్టి, పేషెంటులా నటించమంటారు. ఒక వారం తాగుబోతు, ఇంకో వారం బోరు ఎండిన రైతు. ఎదుటి గోడ అద్దంలో అతనికి తన మొహమే కనిపిస్తుంది. అవతలి వైపుకి మాత్రం అది కిటికీ లాంటిదే; ఆ గదిలోంచి మిగతా విద్యార్థులు చిప్స్ నములుతూ అతన్ని చూస్తారు.

ఇంట్లో కూతురు తబస్సుమ్‌కు పసిబిడ్డ. పొద్దున కిటికీలోంచి ఎండ పడితే ఆ పిల్ల గుప్పిట విప్పి వెలుతురును పట్టుకోబోతుంది. పీరాసాబ్ గడప బయటి నుంచే చూసి మురిసిపోతాడు. ఒక్కసారీ ఎత్తుకోలేదు. ఆడపిల్ల పుట్టిందని మొహం తిప్పుకున్నాడనుకుని కూతురు మాట్లాడటం మానేసింది.

"పీరాసాబ్, కూర్చో. ఈరోజూ నువ్వే. ఏదో ఒక వేషం వెయ్యి," అంది ప్రొఫెసర్ వనజాక్షి.

ఎదురుగా ప్రవీణ్ అనే విద్యార్థి కూర్చున్నాడు. ఈసారి ఉన్నదే చెప్పి మందో మాకో అడగాలని పీరాసాబ్ అనుకున్నాడు.

"చేతులు కంపు కొడతాండాయి సార్. ఎంత కడిగినా పోల్యా. బిడ్డను ఎత్తుకుంటే దానికీ అంటుతాదేమోనని భయం. ఈ చేతులు చూడు సార్."

ప్రవీణ్ అద్దం వైపు చూశాడు. "మీ బాధ నాకు అర్థమవుతోంది," అన్నాడు, పాఠం అప్పజెప్పినట్టు.

"ఇది వేషం కాదు సార్."

అద్దం అవతల నవ్వులు, ఆ వెంటనే చప్పట్లు. వనజాక్షి తలుపు తీసుకుని వచ్చి, ఇంత బాగా ఎన్నడూ చేయలేదని మెచ్చుకుంది. రేపు బయటి ఎగ్జామినరు ముందు కూడా ఇదే చేయమంది. చేతులు మాత్రం ఇంకాస్త పైకెత్తి చూపమంది.

పీరాసాబ్‌కు ఆ గదిలో ఊపిరి పీల్చాలంటేనే రోత పుట్టింది.

"రేపటికి ఇంకొకర్ని చూసుకోమ్మా. నేను ఇంగ రాను."

"చూశారా మేడమ్, ఇంకా వేషం దిగలేదు," అని ప్రవీణ్ నవ్వాడు.

పీరాసాబ్ గేటు దాటి, ఇంటికి పోయే కంబదూరు బస్సెక్కాడు. అందరూ పట్టుకునే కడ్డీని ముట్టలేక, చేతులు చంకల్లో దాచుకుని నిలబడ్డాడు.

బాగా నటించాడని విద్యార్థులు తెప్పించిన టీ, పేషెంటు కుర్చీ చేతి మీద చల్లారి మీగడ కట్టింది. ఆ మీగడలో ఈగ ఒకటి కాళ్ళు విదిలించుకుంటోంది.