చించని ఉత్తరం

పొరుగుదేశంతో తగువు వచ్చినప్పుడల్లా ఆ కార్యాలయంలో రెండు ఉత్తరాలు తయారయ్యేవి. ఒకటి చర్చలకు పిలిచేది, రెండోది యుద్ధం ప్రకటించేది. మంత్రి ఒకదానిపై సంతకం పెట్టగానే మిగిలినదాన్ని టైపిస్టు తన చేత్తో చించాలి. ఇరవై రెండేళ్లుగా అదే పద్ధతి.

ఈసారీ ఆ టైపిస్టు రెండు ఉత్తరాలనీ మంత్రి బల్ల మీద పెట్టి పక్కన నిలబడింది. ఆమె పెంచిన తమ్ముడు సరిహద్దులో యుద్ధట్యాంకు నడుపుతున్నాడు. పోయినసారి వాడు బయల్దేరే వేళకు ఆమె ఆఫీసులోనే ఉండిపోయింది. కనీసం గుమ్మం దాకా సాగనంపలేదు.

"కొడదామా, మాట్లాడదామా?" అన్నాడు మంత్రి.

"ఏదైనా సరే, వాళ్ల ఓడరేవు మనకి దక్కాలి," అన్నాడు వాణిజ్య సలహాదారు.

"మరి వాళ్లు మన కాపలావాళ్లని కొట్టారన్న సంగతో?"

"అది పేపర్లకి లెండి."

సేనాధిపతి గొంతు సవరించుకున్నాడు. "అక్కడ వానలండీ. మోకాలి లోతు బురద. ట్యాంకులు దిగబడితే నవ్వులపాలవుతాం. నలభై రోజులు ఆగండి, నేల ఆరుతుంది."

"అయితే ఈలోగా శాంతి కోరుకుందాం," అని మంత్రి చర్చల ఉత్తరంపై సంతకం చేశాడు.

ఆమె రెండో కాగితాన్ని చించబోయింది.

"ఆగమ్మా. అది బీరువాలో పెట్టు. తారీఖు ఖాళీగా ఉంచు."

ఆమె దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసింది.

సాయంత్రం తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, చర్చలట! మీ మంత్రి దేవుడే!"

"సెలవిస్తారా?"

"పది రోజులిస్తామన్నారు. ఇప్పుడెందుకులే, ఇక్కడ గేదెల్లా బురదలో పొర్లుతున్నాం. ఎండలు కాయనీ, తాపీగా వస్తా."

ఆఫీసు మాట బయటపెడితే జైలు. పైగా సరిహద్దు ఫోన్లన్నీ ఎవరో వింటారని ఆమెకు తెలుసు.

"ఒరేయ్ బండోడా, నేల ఆరకముందే రా."

"అదేంటక్కా? ఆరితేనే కదా బండి కదిలే..."

వాడి నవ్వు సగంలో ఆగింది. అవతల తగరపు కప్పు మీద వాన చప్పుడొక్కటే వినిపించింది.

"రేపే బయల్దేరతా," అన్నాడు మెల్లగా.

"నే గుమ్మంలోనే ఉంటా."

వాడు ఫోన్ పెట్టేశాడు. ఆమె ఇంకా చెవి దగ్గరే పెట్టుకుని ఉంది. లైన్లో ఎవరో దగ్గారు.