ముప్పైనాలుగు దగ్గర ఎర్ర గీత

కనుబొమల నడిమి నుంచి తల వెనక ఎముక బొడిపె దాకా టేపు పట్టి, తీగలాయన ఎర్ర పెన్సిలుతో నడినెత్తిన గుర్తు పెట్టాడు. ఆ పొద్దున అది ఏడో తల. పాయ తీసి, ఇసుకలా గరగరలాడే మందుతో చర్మం రుద్ది, జిగురు పెట్టి, వెండి బిళ్ళలు ఒక్కొక్కటే అతికించాడు. మెదడు గీతలు తీసే యంత్రానికి ఇరవై ఒక్క బిళ్ళ, ఇరవై ఒక్క తీగ. ముప్పైఒక్క ఏళ్ళుగా ఇదే పని. ఆసుపత్రిలో ఆయన అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. రిటైరయ్యాక ఏడాదికో కాంట్రాక్టు కాగితం మీద నెట్టుకొస్తున్నారు.

మంచం మీద ఉన్నామెకు ముప్పై ఏళ్ళుంటాయి. కుడి ముంజేతి మీద ఇస్త్రీపెట్టె మొన ఆకారంలో కాలిన మచ్చ. గుమ్మంలో నిలబడ్డ భర్త అడక్కుండానే చెప్పుకొచ్చాడు.

"అంతా నటనండీ. పని తగిలితే చాలు, గుడ్లప్పగించి నోరు చప్పరిస్తూ ఉండిపోతుంది. ఏమీ లేదని కాగితం వస్తే సాయంత్రమే పుట్టింట్లో దింపేస్తా. పిల్ల మా అమ్మ దగ్గరుంటుంది."

ఆమె పైకప్పు కేసి చూస్తోంది. తీగలాయన ఆ మనిషిని బయటికి పంపి తలుపు మూశాడు. అతని మాటలు ఆయనకి కొత్తవి కావు. పదకొండేళ్ళ కిందట తన నోటితో తనే అన్నవి.

తీగలాయన భార్య ఇంట్లో బట్టలు కుట్టేది. కుట్టు మధ్యలో చెయ్యి ఆగిపోయేది, పెదవులు చప్పరించేది, పిలిస్తే పలికేది కాదు. ఒకసారి మిషను సూది గోరులోంచి దిగిపోయింది. ధ్యాస పెట్టి ఏడవమని తిట్టాడు. ఆమె తమ్ముడు పోరగా పోరగా తీగలాయన ఒక మధ్యాహ్నం అన్నం వేళ తీసుకొచ్చి ఇదే మంచం మీద పడుకోబెట్టాడు. ఆసుపత్రి టేపు అంకెలు చెరిగిపోతే ఆమె సంచీలోని కుట్టు టేపుతోనే తల కొలిచాడు. ముప్పైనాలుగు సెంటీమీటర్లు. టేపు మీద అక్కడే ఎర్ర గీత పెట్టాడు. పావుగంటకి ఆమె కళ్ళు వాలిపోతుంటే భుజం తట్టి లేపాడు. బయట జనం ఉన్నారన్నాడు. ఇరవై నిమిషాల్లో గీతలన్నీ శుభ్రంగా వచ్చాయి. రాత్రి ఆ కాగితం ఆమె ఒళ్ళో పడేసి, ఇక వేషాలు చాలించమన్నాడు.

మూడు వారాలకి డాబా మెట్ల మీంచి బట్టల బకెట్టుతో సహా పడిపోయింది. లేవలేదు.

కణతల దగ్గరి మూర్ఛ జబ్బు మెలకువలో దాక్కుంటుందని, నిద్రపడితే బయటికొస్తుందని కొత్తగా చేరినవాళ్ళకి పాఠం చెప్పేది ఆయనే. పాఠం చెప్పినవాడే భుజం తట్టాడు. ఆ టేపు మాత్రం ఇక్కడే గోడ మేకుకి ఉండిపోయింది.

"కళ్ళు మూసుకో అమ్మా... తెరువు... మళ్ళీ మూసుకో."

మూసినప్పుడు తెర మీద తల వెనక గీతల్లో సన్నని అలలు వరసగా లేచాయి. తెరవగానే అణిగిపోయాయి. రెప్ప కొట్టినప్పుడల్లా నుదుటి గీతలు ఎగిరిపడ్డాయి. అంతా సవ్యంగానే ఉంది. కణతలు ఏమీ ఎరగనట్టు ఊరుకున్నాయి. ఇరవై నిమిషాలయింది. ఒక మనిషికి ఇరవై నిమిషాలేనని పెద్ద డాక్టరు ఆర్డరు గోడ మీద అంటించి ఉంది.

తీగలాయన లేచి లైటు ఆర్పాడు. తలుపు గడియ పెట్టాడు. ఫోను రిసీవరు తీసి పక్కన పెట్టాడు.

"పడుకో."

"నిద్రపోవచ్చాండీ?" ఆమె నమ్మలేనట్టు అడిగింది. "ఇంట్లో పగలు కన్ను మూస్తే ఒప్పుకోరు."

"ఇక్కడ నేను ఒప్పుకుంటున్నాను."

కౌంటరు దగ్గరి అమ్మాయి తలుపు కొట్టింది. తర్వాత భర్త కొట్టాడు. ఆయన పలకలేదు. వెనక తల అలలు చెదిరి పలచబడ్డాయి. నడినెత్తి గీతల్లో నిద్ర తాలూకు చిన్న చిన్న అలల గుత్తులు, నూలు కండెల్లా, మొదలయ్యాయి. నలభైమూడో నిమిషంలో ఎడమ కణత గీత కొడవలి మొనలా లేచింది. ఒక్కటే అనుకునేలోపు ఇంకొకటి. ఆపైన వరసగా మూడు.

తీగలాయనకి సంతోషం కలగలేదు. ఒళ్ళు మండింది. ఇంతేనా? ఆ రోజు ఇంకో ఇరవైమూడు నిమిషాలు కూర్చుని ఉంటే చాలునా?

తలుపు తీసేసరికి భర్త పక్కన పెద్ద డాక్టరు నిలబడి ఉన్నాడు.

"ఏమయ్యా, నీ సొంతిల్లనుకున్నావా? బయట తొమ్మిదిమంది ఉన్నారు."

తీగలాయన ఆయన్ని దాటి భర్త చెయ్యి పట్టుకుని తెర ముందుకి లాక్కొచ్చాడు.

"చూడు. నటించే మనిషి నిద్రలో కూడా నటిస్తుందా?"

భర్తకి గీతలేమీ అర్థం కాలేదు. మంచం మీద నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతున్న భార్య కేసి చూశాడు. "మందులుంటాయాండీ?" అని నెమ్మదిగా అడిగాడు.

"ఉంటాయి. పొయ్యి దగ్గరా మెట్ల దగ్గరా ఒంటరిగా వదలకు. ఈసారి కాలితే తప్పు నీది."

"ఫలితం చెప్పడానికి నువ్వెవరివి?" అన్నాడు డాక్టరు.

"ఎవర్నీ కాను. ఇరవై నిమిషాలకి ఆపేసి ఏమీ లేదని రాసే కాగితాలకి తీగలు తగిలించేవాణ్ణి."

డాక్టరు మొహం కందగడ్డయింది. కాని వంగి తెర చూశాడు. చాలాసేపు చూశాడు. కాగితం మీద 'ఎడమ కణత' అని రాసి, మందు రాసి, సంతకం పెట్టాడు. పెన్ను మూత పెడుతూ, రేపట్నించి రానక్కర్లేదని తీగలాయనతో చెప్పాడు.

తీగలాయన సరేనన్నాడు. ఆమెని లేపి, బిళ్ళలు ఊడదీసి, గోరువెచ్చని నీళ్ళతో జుట్టులోని జిగురు తుడిచాడు. వాళ్ళు వెళ్తుంటే కిటికీలోంచి చూశాడు. మెట్లు దిగేటప్పుడు భర్త ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. దొంగని పట్టుకున్నట్టే పట్టుకున్నాడు గాని, పట్టుకున్నాడు.

మిగిలిన తొమ్మిది తలలూ చూశాడు. ఒక్కొక్కటి ఇరవై నిమిషాలు. వాళ్ళలో ఎవరు నిద్రపోయి ఉంటే ఏం బయటపడేదో ఆయనకీ తెలియదు. సాయంత్రం బిళ్ళలు కడిగి, తుడిచి, వరసగా ఆరబెట్టాడు. అన్నం గిన్నె సంచీలో వేసుకున్నాడు. టేపు వేలాడే మేకు దగ్గర కాసేపు నిలబడ్డాడు. చెయ్యి చాచి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. తాళంచెవి కౌంటరులో ఇచ్చి వెళ్ళిపోయాడు.

మర్నాడు కొత్తగా వచ్చినవాడు మొదటి తల కొలవడానికి గోడకున్న పాత కుట్టు టేపు అందుకున్నాడు. ముప్పైనాలుగు దగ్గర, ఎన్నిసార్లు దిద్దారో గాని, మందంగా ఎర్ర గీత.