ఒడ్డు మీద కుమాలుక్ ఏమని అరిచాడు

మా నాయనమ్మ అకినీసీ నన్ను అన్నయ్యా అని పిలిచేది. నేను ఆమెను చెల్లీ అనేదాన్ని. ఆమె అన్న కుమాలుక్ పోయిన కబురు వచ్చాక నేను పుట్టానని నాకు ఆయన పేరు పెట్టారు. మా మంచుసీమ జనంలో పేరుతోపాటు ఆ మనిషీ తిరిగి వస్తాడు. అందుకే వేటాడి తెచ్చిన సీల్ కార్జంలో మొదటి ముక్క నాకే. నాకేమో దాని వాసనే గిట్టేది కాదు.

"తిను అన్నయ్యా, నీకు ప్రాణం కదా!"

"నాకు కాదే చెల్లీ, ఆయనకి!"

"ఆయనెవరు? ఎదురుగా కూర్చుని నన్ను దబాయిస్తున్నది నువ్వే కదా!"

మావాళ్లది ఇక్కడికి చాలా దక్షిణాన ఉన్న ఇనుక్జువాక్ అనే ఊరు. అక్కడ ఎటు చూసినా బెర్రీపళ్లట, పక్షిగుడ్లట. ప్రభుత్వం వాళ్లు వచ్చి, ఉత్తరాన వేట బాగుంటుంది, నచ్చకపోతే రెండేళ్లలో వెనక్కి తెస్తామని చెప్పి ఓడెక్కించారు. చలికాలమంతా సూర్యుడే కనిపించని ఈ రాళ్ల ఒడ్డున దింపేసి పోయారు. వెనక్కి తీసుకెళ్లడానికి మాత్రం ఎవరూ రాలేదు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

ఇనుక్జువాక్ నుంచి ఆ ఓడ కదులుతుంటే, అక్కడే ఉండిపోయిన కుమాలుక్ ఒడ్డు వెంట పరుగెత్తుతూ ఏదో అరిచాడట. ఇంజన్ మోతలో ఓడ మీదున్న నాయనమ్మకి వినబడలేదు. నాకు మాటలొచ్చినప్పటి నుంచీ నాయనమ్మది ఒకటే ప్రశ్న.

"ఆ రోజు ఏమని అరిచావు అన్నయ్యా?"

నాకూ తెలుసుకోవాలనే ఉండేది. కళ్లు మూసుకుని నాలోపల వెతికేదాన్ని. ఓసారి "కెటిల్ మర్చిపోయావు" అన్నాను. ఇంకోసారి "మీ ఆయన వట్టి వెర్రిబాగులవాడు" అన్నాను. ఆమె పడీపడీ నవ్వేది.

"అదీ నీ మాటేలే. కానీ ఆ రోజు మాట కాదు."

నేను కాస్త పెద్దయ్యాక, ప్రభుత్వం వాళ్లు వెళ్తామన్నవాళ్లను విమానంలో వెనక్కి పంపుతామన్నారు. మా నాన్న ఇక్కడే పుట్టినవాడు, రానన్నాడు; దాంతో నేనూ ఇక్కడే. నాయనమ్మ మూట కట్టింది, మళ్లీ విప్పింది.

"ఆ రోజు కోపంతో నన్ను తిట్టావేమో అన్నయ్యా. ఏ మొహం పెట్టుకుని వెళ్లను? నువ్వు చెప్తేనే కదులుతాను."

వద్దంటే ఆగిపోతుంది. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆమె చిన్నపిల్లలా నా మొహంలోకే చూస్తోంది.

"తొందరగా వచ్చేయమని అరిచానే చెల్లీ" అన్నాను.

"ఆలస్యం చేశాను అన్నయ్యా" అని మూట బిగించింది.

విమానం కదిలింది. కిటికీలో ఆమె మొహం కనబడగానే నా కాళ్లు వాటంతటవే పరుగందుకున్నాయి. గొంతు చించుకుని అరిచాను. ఆమె చెవి దగ్గర చెయ్యి పెట్టి, వినబడలేదని తల అడ్డంగా ఊపింది.

"వెళ్లొద్దే చెల్లీ!"

ఆ రోజు ఒడ్డు మీద నేనేమని అరిచానో అప్పుడు తెలిసింది నాకు.