ఎడమ చెవి డిప్ప

గిన్నెలు కడుగుతున్న వెర్నాకి, షెడ్డులోంచి మొగుడు పిలిచిన పిలుపు వినబడలేదు. కుళాయి చప్పుడుకి కాదు. ఎడమ చెవి అటువైపు ఉంది, అందుకని. అత్తగారు ఓపల్ చేతికర్రతో బల్ల మీద కొట్టి చెప్పింది. "వాడు గొంతు చించుకుంటున్నాడు అమ్మాయ్. నీకు కావలసినవే వినపడతాయి కదా."

వెర్నా చేతులు తుడుచుకుని వెళ్ళింది. ఆ వయోమింగ్ కొండల కింద ఎల్కు దుప్పుల వేట మొదలయ్యే ముందు, డ్వేన్ తుపాకుల షెడ్డులో ఊపిరి తీసుకునే తీరికుండదు. కొన్నేళ్ళుగా అందరూ రైఫిలు మూతికి మజిల్ బ్రేకు బిగించమంటున్నారు. రెండు పక్కలా చిల్లులున్న చిన్న ఉక్కు గొట్టం అది. పేలినప్పుడు మంటగాలినీ చప్పుడునీ పక్కలకి తోసేస్తుంది, కాల్చినవాడి భుజానికి దెబ్బ తగ్గుతుంది. కాల్చినవాడల్లా అదే మాట, భుజం మీద పిల్లిపిల్ల దూకినట్టుందని.

మర చెక్కడం డ్వేన్ పని. దగ్గర చూపు ఆనక, బ్రేకుని సరిగ్గా నిలబెట్టడం వెర్నాకి వదిలేశాడు. బేరానికొచ్చినవాళ్ళతో మాత్రం, మా ఆవిడ వాషర్లు అందిస్తుంది, కాఫీ బాగా పెడుతుంది అంటాడు.

ఆ రోజు హార్లన్ అనే పశువుల ఆసామి రైఫిలు. వెర్నా బ్రేకు తిప్పి బిగించింది. చిల్లులు ఒక పక్కకి ఒరిగి ఆగాయి. విప్పి, పల్చటి వాషరు వేసి మళ్ళీ తిప్పింది. రసమట్టంలో బుడగ నడిమికొచ్చేదాకా అదే పని. తర్వాత తుపాకి గొట్టంలోకి ఉక్కు చువ్వ దూర్చి, అది బ్రేకు కన్నానికి సరిగ్గా మధ్యలోంచి వస్తోందా అని చూసింది. కాస్త వారగా వచ్చినా గుండు అంచుకి తగులుతుంది.

చూడ్డానికి వంగినప్పుడు కుడి పక్క చిల్లులు ఆమె మొహంలోకి చూశాయి. గురి చూసుకునే మైదానంలో ఆమె నిలబడేది డ్వేన్‌కి కుడి పక్కనే. దుర్బీనులో చూసి గుండు ఎక్కడ పడిందో చెప్పాలి. అతను చెప్పేది వినాలి కాబట్టి, పేలుడు చప్పుడు పడకుండా చెవులకి పెట్టుకునే డిప్పల్లో ఎడమదాన్ని పైకి నెట్టుకుని నిలబడాలి. అతనికి రెండు డిప్పలూ ఉంటాయి. ఇన్నేళ్ళూ ఆ చిల్లుల్ని ఇంత జాగ్రత్తగా తన చెవికే గురిపెట్టి బిగించానా అనుకుంది.

పోయిన వారం టౌనులో చెవుల డాక్టరమ్మ చెప్పేసింది. ఎడమది ఇక తిరిగి రాదు, కుడిది కూడా మొదలైంది. ఏం పని చేస్తారని అడిగితే, ఏమీ లేదు, ఇంట్లోనే ఉంటానంది వెర్నా. దారంతా ఆ జవాబే గుచ్చుకుంది. చర్చి పాటల్లో, మొదటి గొంతుకి జతగా వేరే స్వరంలో పాడే రెండో గొంతు ఆమెది. వారంలో ఆమె నోరు ఆమెదిగా తెరుచుకునేది ఆ కాసేపే. మొన్న ఆదివారం శ్రుతి తప్పిందని వెనక వరసలో చివరికి జరిపారు. ఇంకో చెవీ పోతే ఆ చివరా ఉండదు. మొగుడికి చెబితే, వయసే, మా అమ్మకీ అంతే అన్నాడు. రెండు డిప్పలూ పెట్టుకుంటానంటే నవ్వాడు. "అయితే నా మాట ఎవరు వింటారే?"

బ్రేకుని వాషరు మందం పక్కకి వదిలేద్దామా అనిపించింది ఒక్క క్షణం. రైఫిలు పక్కకి ఎగిరి గురి తప్పుతుంది, హార్లన్ చేతిలో గాయపడ్డ ఎల్కు ఏ లోయలోనో రోజంతా ఈడ్చుకుంటూ చస్తుంది. వద్దనుకుంది. బుడగ నడిమిలోనే ఉంచి బిగించింది.

ఎండ వాలకముందే మైదానానికి వెళ్ళారు. హార్లన్ వెనక దూరంగా బండి దగ్గర నిలబడ్డాడు. డ్వేన్ బల్ల ముందు కూర్చుని, వెర్నాని తన కుడి పక్కకి రమ్మని చెయ్యి ఊపాడు. ఆమె అటు వెళ్ళకుండా వెనక్కి నడిచి హార్లన్ పక్కన నిలబడింది. రెండు డిప్పలూ కిందికి లాక్కుంది. లోపల అంతా మూసిన గదిలా ఉంది. ఆ గదిలో తన రెండో గొంతు మెల్లగా ఎత్తుకుంది. శ్రుతి నిలిచింది.

రైఫిలు పేలింది. అతని భుజం కదలనైనా లేదు. డ్వేన్ వెనక్కి తిరిగాడు. డిప్ప తియ్యవే, ఎక్కడ పడింది అని సైగ చేశాడు. మొహం ఎర్రబడింది.

"నడిచెళ్ళి చూసుకో డ్వేన్," అంది వెర్నా, గట్టిగా, చెవిటివాళ్ళు మాట్లాడినట్టు.

అతను ఏదో అన్నాడు. ఏమన్నాడో వెర్నాకి ఇప్పటికీ తెలియదు.