రెండో కణుపు దాకా

బడికి బయల్దేరినవాడే అనుమానం తీరక మళ్లీ డాబా ఎక్కి, గంట తాత చూపుడువేలిని రెండో కణుపు దాకా టమాటా కుండీలోకి దించాడు. పైకి తీస్తే వేలంతా బురద. మూడు రోజులుగా ఆ కుండీలో ఆయన చెంచాడు నీళ్లు కూడా పోయలేదు.

"ఇదెక్కడి విడ్డూరం" అని గొణుక్కున్నాడు.

డాబా మీద కుండీలుగా పదకొండు పాత రంగు డబ్బాలున్నాయి. అడుగున మేకుతో చిల్లులు పొడిచి, మట్టీ, మాగిన ఎరువూ, గుప్పెడు వేపపిండీ కలిపి నింపినవి. పాలకూర, పుదీనా, కొత్తిమీర, మిరప ఏ పేచీ లేకుండా పెరుగుతున్నాయి. ఈ టమాటా ఒక్కటే పది రోజులుగా పసుపెక్కి తల వాల్చింది. భార్యకు రక్తం తక్కువని డాక్టరు చెప్పిన రోజున, పురుగుమందు తగలని కూరలే ఆమెకు పెట్టాలని మొదలుపెట్టిన తోట ఇది. అందులోనూ టమాటా అంటే ఆమెకు ప్రాణం. అందుకే ఎరువు మార్చాడు, పుల్లమజ్జిగ చల్లాడు, కళ్లజోడు పెట్టుకుని ఆకుల వెనక పురుగు కోసం వెతికాడు. పొద్దున దణ్ణం పెట్టుకునేటప్పుడు దీని సంగతి కూడా దేవుడి చెవిన వేస్తున్నాడు. ఒక మొక్క కోసం దేవుణ్ణి అడగొచ్చో లేదో తెలియదు. అడిగితే పోయేదేముందిలే అనుకున్నాడు.

మెట్ల మీద అలికిడైంది. భార్య. ఆయన్ని చూడగానే చేతిలో గిన్నెను కొంగు చాటుకు లాక్కుంది.

"ఏమిటది?"

"ఏం లేదండీ. బియ్యం కడిగిన నీళ్లు."

"ఎన్నాళ్ల నుంచి?"

"అది వాడిపోతోందిగా. మీరేమో రోజుల తరబడి చుక్క పొయ్యరు. చూడలేక, మీరు అటు వెళ్లగానే..."

"నేను ఆరబెడుతుంటే నువ్వు ముంచేస్తున్నావా? వేళ్లు కుళ్లితే మొక్క వాడక ఏం చేస్తుందే?"

"నాకేం తెలుసు. దాహం అనుకున్నా."

ఆయనకు కోపం రాబోయి నవ్వొచ్చింది. పెళ్లయిన కొత్తలో జ్వరం వస్తే ఈవిడ ఇలాగే పూటకు నాలుగు గ్లాసుల పాలు తాగించి, జ్వరం కన్నా ఎక్కువ ఏడిపించింది.

"నవ్వకండి. దేవుడిచ్చిన మొక్క, దేవుడే చూసుకుంటాడు."

"చూసుకునేవాడే, నువ్వు మధ్యలో దూరకపోతే."

మట్టిలో మళ్లీ వేలు దించి, నెమ్మదిగా తీశాడు. గుంట మిగిలింది.

"ఇదిగో, గుర్తు. మూడు రోజులు దీని జోలికి రాకు. నాలుగో రోజు దీని పక్కన నీ వేలు పెట్టి చూడు. రెండో కణుపు దాకా పొడిగా ఉంటేనే చెంబెడు పొయ్యి. మొక్క మొదలు దగ్గర కాదు, అంచు వెంబడి."

"నాకొదిలేస్తే చంపేస్తానేమో."

"రెండు చేతులు పడితేనే చస్తుంది. ఇక నుంచి దీని నీళ్లు నీవే."

బడిలో ఆయన ముప్పై ఒక్కేళ్లుగా గంట కొడుతున్నాడు. వేలాడే ఇనుప ముక్క, ఒక కడ్డీ, కూర్చోవడానికో స్టూలు. మధ్యలో ఖాళీ దొరికితే టీచర్ల గదిలోంచి టీ పిప్పీ, పండ్ల తొక్కలూ ఎరువు కోసం సంచిలో వేసుకుంటాడు.

"గంట తాతా, పండు నాకు, తొక్క నీకు. ఎవరిది లాభం?" అంది లెక్కల టీచరు ఆ రోజు.

"మీ పండు ఈ పూటకేనమ్మా. నా తొక్క వచ్చే నెలకి పాలకూర."

ఆ సాయంత్రం చివరి గంట మోగలేదు. లెక్కల టీచరు పాఠం అయిపోయాక ఇంకో లెక్క చేయించింది. దాని తర్వాత మరొకటి. అప్పుడు బయటికి వచ్చి చూసింది. గంట తాత స్టూలు మీద గోడకు ఆనుకుని, ఒళ్లో కడ్డీతో, కాళ్ల దగ్గర తొక్కల సంచితో, కునుకు తీస్తున్నట్టే ఉన్నాడు. రెండుసార్లు పిలిచింది. భుజం తట్టి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. తర్వాత ఒళ్లోని కడ్డీ తీసుకుని, తనే గంట కొట్టి పిల్లల్ని ఇళ్లకు పంపింది.

నాలుగో రోజు పొద్దున, ఇంటి నిండా చుట్టాలుండగా, భార్య చెంబు పట్టుకుని డాబా ఎక్కింది. టమాటా కొసన గోరంత లేత ఆకు ఒకటి ఆకుపచ్చగా విచ్చుకుంది. ఆమె కూలబడి కుండీలో వేలు దించింది. మొదటి కణుపు. రెండో కణుపు. పొడిగా ఉంది.

అంచు వెంబడి చెంబు వంచింది. నీళ్లు మధ్యకు పాకబోతే అరచేయి అడ్డం పెట్టింది. ఆ చేతి వెనక, ఆరి గట్టిపడ్డ మట్టిలో, ఆయన వేలు దించిన గుంట ఇంకా పూడకుండా ఉంది.