మూత లోపలి నురగ

షెడ్డులో చీకటి పూర్తిగా విడవకముందే అంతోని బానెట్టు ఎత్తి, ఇంజను మీది ఆయిలు మూత తిప్పి తీశాడు. లోపలివైపు మళ్ళీ అదే. చిలికిన మజ్జిగ మీద తేలినట్టు, పసుపు కలిసిన తెల్లటి నురగ. చలి మొదలైన దగ్గర్నుంచి పట్టడం దాని వంతు, తుడవడం అతని వంతు. ఇవాళ మాత్రం తుడవలేదు.

ఇరవయ్యేళ్ళ కిందట అతను ఈ ఇంట్లో ఎడ్లబండి తోలేవాడు. వీరరాఘవమ్మగారి భర్త కారు కొన్నాక ఎడ్లను అమ్మేసి, బండివాణ్ణి మాత్రం ఉంచుకుని, గుంటూరు పంపి డ్రైవింగు నేర్పించాడు. ఆయన పోయాడు. కారూ అంతోనీ మిగిలారు. యుద్ధం ముగిసినా పెట్రోలు కూపన్లు ముగియలేదు కనుక, నరసరావుపేటలో ఇంటి నుంచి గుడిదాకా పోయి రావడం తప్ప ఆ కారుకు వేరే పని లేదు. ఇంజను వేడెక్కేలోపే ఇల్లు వచ్చేస్తుంది. అంతమాత్రం ప్రయాణానికి అంతోని తెల్లచొక్కా తొడుక్కుని, అద్దాలు తుడిచి, తలుపు పట్టుకుని నిలబడతాడు. "మన పిల్లల మొకాలు ఏనాడన్నా అట్టా తుడిచావా?" అంటుంది భార్య గ్రేసమ్మ. నిజంగానే తుడవలేదు గనక అతను కోప్పడడు.

నిన్న ఆ నురగ గోవిందయ్య కంట్లో పడింది. ఆయన వీరరాఘవమ్మగారి మరిది కొడుకు. మిల్లూ ఇల్లూ చూసుకునేది ఆయనే.

"పాలల్లో నీళ్ళు పోసేవాళ్ళను చూశా. ఆయిల్లో పోసేవాణ్ణి ఇప్పుడే చూస్తన్నా. మంచి ఆయిలు ఎవడికి అమ్మావురా?" అన్నాడు.

అంతోని అప్పటిదాకా ఎవరిచేతా దొంగ అనిపించుకోని మనిషి. మర్నాడు సాయంత్రానికల్లా తాళాలిచ్చి పొమ్మని గోవిందయ్య వెళ్ళిపోయాడు.

నిండా మునిగినవాడికి చలేమిటి? అంతోని మూత పట్టుకుని వెనకవాకిట్లోకి నడిచాడు. శాలువా కప్పుకుని, ఎండ కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు వీరరాఘవమ్మగారు.

"నీళ్ళు నే పోయలేదమ్మగారూ. ఇది మంచుకు పట్టిన చెమ్మ. బండి దూరం పోయి ఇంజను బాగా కాగితే పోద్ది. అయ్యగారున్నప్పుడు ఇనుకొండ పోయొస్తే ఇట్టానే పోయింది. మీరు కళ్ళారా చూస్తే చాలు, మీ మాట గోవిందయ్య బాబుగారు కాదనరు."

ఆమె నురగను వేలితో తాకి, వేలు కొంగుకు తుడుచుకున్నారు.

"కొండవీడు దాకా పోతే కాగుద్దా?"

"కాగుద్దమ్మగారూ."

"అయితే పద. ఆ కొండ చూపిస్తా చూపిస్తా అని చూపించకుండానే పోయాడాయన."

ఆమె చూస్తుండగానే మూత శుభ్రంగా తుడిచి బిగించాడు.

దారి పొడుగునా పొగమంచు. బండి తోలుతూ నోరు విప్పని అంతోని ఆ రోజు వసపిట్టయిపోయాడు. అమ్మేసిన ఎడ్ల సంగతి, గుంటూరులో డ్రైవింగు నేర్చుకుంటూ కారుతో సహా కాలవలో దిగబడిన సంగతి, అన్నీ చెప్పాడు. సాతులూరు దగ్గర "చలిగా ఉందా అమ్మగారూ?" అని అడిగితే, "లేదు, పోనీ" అన్నారామె. ఆ తరవాత కూడా అతను చెబుతూనే ఉన్నాడు.

కొండ కింద మైలురాయి పక్కన కారు ఆపాడు. మంచు విడిపోయి కొండంతా కనిపిస్తోంది. చెయ్యి కాలకుండా గుడ్డతో పట్టుకుని మూత తిప్పాడు. లోపల నల్లటి జిడ్డు తప్ప నురగ చుక్క లేదు. అంతోనికి ఏడుపొచ్చినంత పనైంది. పరుగున వెనక కిటికీ దగ్గరికి వెళ్ళాడు.

"సూడండమ్మగారూ."

ఆమె కొండవైపే తిరిగి ఉన్నారు. కళ్ళద్దాలు ఒళ్ళోకి జారి ఉన్నాయి.

"అమ్మగారూ."

మూత మైలురాయి మీద పెట్టి తలుపు తీశాడు. చెయ్యి పట్టుకుంటే మంచు ముక్కలా ఉంది. ముక్కు దగ్గర వేలు పెట్టాడు. ఊపిరి తగల్లేదు. తలుపు పట్టుకుని అలాగే కూలబడ్డాడు. సాతులూరు దాటాక తను చెప్పిందంతా ఎవరికి చెప్పాడు? ఇంట్లో వెచ్చగా కూర్చున్న మనిషిని తన నిజాయితీ కోసం చలిలోకి లాక్కొచ్చాడా? శిలువ గుర్తు వేసుకోబోతే చెయ్యి నుదుటి దాకా లేవలేదు. ఎలాగో లేచి, శాలువా ఆమె మెడ దాకా కప్పి, బానెట్టు మూసి, కారు వెనక్కి తిప్పాడు.

ఇంటికి చేరాక గోవిందయ్య అరుగు మీద చతికిలబడిపోయాడు. దొంగతనం మాట ఎత్తలేదు. ఆమెను లోపలికి మోసుకెళ్ళాక అడిగాడు.

"పెద్దమ్మ ఏమన్నా చెప్పిందా?"

"పోనీ అన్నారు బాబూ."

అప్పుడు గాని బానెట్టు సందుల్లోంచి లేస్తున్న పొగ ఎవరికీ కనిపించలేదు. గోవిందయ్యే వెళ్ళి ఎత్తాడు. ఇంజను పైన రంధ్రం నోరు తెరుచుకుని ఉంది. దారంతా చిమ్మిన ఆయిలు ఇంజను మీద మాడి కంపు కొడుతోంది.

"మూతేదిరా?"

అంతోని ఆ రంధ్రంకేసి చూశాడు. కారు చేతికొచ్చిన నాటినుంచి ఒక్కనాడూ మరిచిపోని మూత. జేబులోంచి తాళాలు తీసి, మళ్ళీ అడగకుండానే ఆయన చేతిలో పెట్టాడు.

కొండవీటి కింద, మైలురాయి మీద, లోపలివైపు పైకి తిరిగి ఉంది మూత. నురగ చుక్క లేదు.