మూటల ఇల్లు

గరిటె కావాలంటే జొహురా మూట విప్పాలి. వాడుకోగానే కడిగి, తుడిచి, మళ్ళీ మూట కట్టెయ్యాలి. ముడి గట్టిగా పడిందో లేదో ఆమె భర్త కఫిల్ వచ్చి లాగి చూస్తాడు. పుష్యమాసపు పొగమంచులో ఆ ఇంట్లో తెల్లవారగానే జరిగే మొదటి పని ఇదే.

బంగ్లాదేశ్‌లో జమునానది మధ్యన తేలిన లంకల్లో చర్ కాశియా ఒకటి. అక్కడ ఇళ్ళన్నీ రేకుల కప్పులూ జనపకట్టెల తడికెలే. నది గట్టును కోసుకుంటూ వచ్చినప్పుడు ఇల్లు ఊడదీసి పడవకెక్కించి, ఇంకో లంక మీద నిలబెట్టుకుంటారు. అందరిదీ అదే బతుకు. కానీ కఫిల్ అందరినీ మించిపోయాడు. అతని ఇంట్లో మంచాల కిందా, దూలాల మీదా ఎటు చూసినా మూటలే. ఊడదీయడం సులువని రేకులకు సగం మేకులే కొట్టాడు. కాస్త గాలి వీస్తే చాలు, ఆ రేకుల మోతకు చుట్టుపక్కల ఎవరికీ కంటిమీద కునుకుండదు. గుమ్మం పక్కన ఒక్క సొరపాదు పెట్టుకుంటానని జొహురా బతిమాలితే ససేమిరా అన్నాడు.

అతన్ని పూర్తిగా తప్పుపట్టడానికీ లేదు. కిందటి లంకలో అతని ఇంటి కప్పంతా సొరతీగ అల్లుకుంది. నది వచ్చిన రోజున ఆ తీగలు నరుకుతుండగానే గట్టు విరిగి, సగం ఇల్లూ, బట్టల పెట్టే, పాడి ఆవూ కళ్ళముందే నీళ్ళపాలయ్యాయి. ఆనాటి నుంచి భయం అతని నెత్తికెక్కి కూర్చుంది. అయ్యా, జాగ్రత్త మంచిదే, ఎవరు కాదంటారు? ఆ జాగ్రత్తే ఇంటి యజమాని అయిపోతే మాత్రం అందులోని మనుషులు అద్దెకున్నవాళ్ళలా బతకాల్సి వస్తుంది.

ఆ ఉదయం పక్కిళ్ళ నుంచి ఆవిరి మీద ఉడుకుతున్న బియ్యప్పిండి పిఠాల వాసన, కరుగుతున్న ఈతబెల్లం వాసన గుప్పుమన్నాయి. జొహురా ఉండబట్టలేకపోయింది.

"మయినా వాళ్ళ నాన్నా, ఆ పిఠాల కుండ ఏ మూటలో కట్టారు? ఇయ్యాల నేనూ చేస్తాను."

"వచ్చే ఏడు చేసుకుందాంలే. ఈ గట్టు నిలబడుతుందో లేదో చూడనీ."

"పోయినేడూ ఇదే మాటన్నారు. పిల్ల పక్కిళ్ళ వాసనలు పీల్చుకుంటూ పెరుగుతోంది. గట్టు నిలిచేదెప్పుడు, అది తినేదెప్పుడు?"

"పిఠా తినకపోతే ఎవరైనా చచ్చిపోతారా?"

"చావరు. అలాగని బతికినట్టూ ఉండదు" అని విసురుగా అనేసి, జొహురా గిన్నెలు తోమడానికి పెరట్లోకి వెళ్ళిపోయింది.

కఫిల్ కొడవలి తీసుకుని రెల్లు కోయడానికి బయల్దేరాడు. దారిలో ఆంబియా నానీ వాకిలి ఉంది. ఆ లంకలో అందరికంటే పెద్దది, అందరికీ అమ్మమ్మలాంటిది ఆవిడే. ఎండలో మిరపకాయలు ఆరబోస్తూ కూర్చుంది. గడ్డివాము వెనక పిల్లలు బువ్వాలాట ఆడుతున్నారు. వాళ్ళలో తన కూతురు మయినా గొంతు విని కఫిల్ ఆగి తొంగిచూశాడు.

మయినా మూడు మట్టిగడ్డలు పొయ్యిలా పేర్చి, కొబ్బరిచిప్పలో ఇసక అన్నం వండుతోంది. మిగతా పిల్లలు చుట్టాలై, ముందు ఆకులు వేసుకుని ఆశగా కూర్చున్నారు. మయినా చిప్ప మీది మూత తీసింది. తీసిందో లేదో, ఉలిక్కిపడి లేచి అరిచింది.

"లేవండి, లేవండి! నది వచ్చేసింది! మూట కట్టండి!"

ఆకులూ చిప్పా పాతగుడ్డలో వేసి చకచకా ముడివేసింది. చుట్టాలకు ఒళ్ళు మండిపోయింది.

"ఛీ, దీంతో మనం ఆడొద్దే! రోజూ ఇంతే. తినబోయేసరికి కట్టేస్తుంది!" అంది ఒక పిల్ల.

"నది రాలేదు కదే మొద్దూ!" అంది ఇంకో పిల్ల.

"వస్తుంది. మా నాన్న చెప్పాడు" అంది మయినా, ముడి లాగి చూసుకుంటూ.

ఆంబియా నానీ తలెత్తకుండానే అంది: "విన్నావురా కఫిల్? నిజం నదైనా మధ్యమధ్య కాస్త తెరిపి ఇస్తుంది. నీ కూతురి ఆటలో నదికి ఆ పాటి జాలి కూడా లేదు."

కఫిల్‌కు అప్పుడు తెలిసొచ్చింది. ఇల్లు నది తీసుకుపోయింది. ఆవును నది తీసుకుపోయింది. పిల్ల ఆటలో అన్నం ముద్దను మాత్రం నది ముట్టుకోలేదు. దాన్ని లాక్కున్నది తనే. సిగ్గూ దుఃఖమూ ఒక్కసారిగా ముంచుకొచ్చి, అతను వెనుదిరిగి ఇంటికి పరుగెత్తాడు.

మూటల ముడులు రాయిలా బిగుసుకుపోయి ఉన్నాయి, కట్టింది తనే కదా! చేతులతో పీకి పీకి, లాభంలేక కొడవలితో తాళ్ళు పరపరా కోయసాగాడు. గిన్నెలూ, గరిటెలూ, దుప్పట్లూ నేలంతా దొర్లాయి. ఆ చప్పుడుకు లోపలికొచ్చిన జొహురా, భర్త చేతిలో కొడవలీ ఒంటిమీద చెమటా చూసి హడలిపోయింది.

"అయ్యో దేవుడా! గట్టు విరిగిందా?" అని కేక పెట్టింది.

లంకలో ఆ మాటకున్న బలం ఇంకే మాటకూ లేదు. వింటే చాలు, ఎక్కడివాళ్ళక్కడ చేతిలో పని వదిలేసి రావలసిందే. గంపలతో ఆడవాళ్ళూ, గడ్డపారలతో మగవాళ్ళూ పొలోమని వచ్చిపడ్డారు. పక్కింటి జబ్బార్ ఎవర్నీ అడక్కుండానే నిచ్చెన వేసుకుని కప్పెక్కి, ఒక రేకు ఊడదీసి కిందికి అందించాడు కూడా.

"ఆపు జబ్బార్, ఆపు! నది రాలేదు!" కఫిల్ చేతులూపుతూ బయటికి పరుగెత్తుకొచ్చాడు.

"మరి?"

"పిఠాల కుండ వెతుకుతున్నాను."

లంక దద్దరిల్లేలా అందరూ నవ్వారు. జబ్బార్ కప్పు మీదే పొట్ట పట్టుకుని కూర్చుండిపోయాడు. "ఓరి నీ ఇల్లు బంగారంగానూ! కుండ కోసం మా చేత ఇల్లు పీకించావా?"

"పీకిన చేత్తోనే బిగించెయ్యి అన్నా. ఈసారి అన్ని మేకులూ కొట్టు. ఆ మోతకు నాకూ నిద్ర పట్టడం లేదు" అన్నాడు కఫిల్.

వచ్చినవాళ్ళు ఊరికే పోతారా? గంపలు తెచ్చిన ఆడవాళ్ళే ఇళ్ళకెళ్ళి తలా గుప్పెడు బియ్యప్పిండి, తలా ముక్క బెల్లం తెచ్చారు. పైన మేకులు ఠంగుఠంగుమంటుంటే కింద కుండ ఆవిర్లు కక్కింది. మొదటి పిఠా, పిల్లలతో పరుగెత్తుకొచ్చిన మయినా చేతిలో పడింది. ఆగలేక కొరికి, నాలుక కాల్చుకుని గంతులేసింది. తన ఆటలోని చుట్టాలందరికీ తుంచి పెట్టింది. ఒక్కసారైనా నది ఊసెత్తలేదు.

కేక విని వచ్చిన నానీ పక్కన కఫిల్ చతికిలబడి మెల్లగా అడిగాడు. "నానీ, మరి నిజంగా వస్తే?"

"రాకేం, వస్తుంది. అది నది, దాని పని అది చేస్తుంది. కానీ ఇందాక మీ ఆవిడ ఒక్క కేక వేస్తే ఎంతమందిమి వచ్చాం? నువ్వు కళ్ళు మూసి తెరిచేలోపు రేకు కిందికి దిగింది. ఇంతమందిని పక్కన పెట్టుకుని ఒంటరివాడిలా మూటలు కట్టుకుని కూర్చుంటావేంరా పిచ్చోడా? కష్టం వచ్చిన రోజున అందరం కలిసి మోద్దాం. రాని రోజులన్నీ హాయిగా వండుకు తిను. రేపటి మీద నమ్మకమంటే అదేరా, ఇయ్యాల పొయ్యి వెలిగించడమే!"

కఫిల్ లేచి జొహురా దగ్గరికి వెళ్ళాడు. "సొరగింజలు ఎవరింట్లో ఉన్నాయో కనుక్కో. గుమ్మం పక్కనే పెడదాం. కప్పు మీదికే పాకిద్దాం" అన్నాడు.